లొట్టిలో కందిరీగ, చేతిలో కాగడా

పోయిన వానాకాలం వానలు రెండు వారాలు మొహం చాటేశాయి. తోటకు నీళ్లు పెడదామని మా నాయన బోరు దగ్గరికి పోయి స్టార్టర్ డబ్బా మూత తీశాడు. మూత లోపలి వైపు అరచేయంత కాగితం గూడు, దాని నిండా కందిరీగలు. చెయ్యి వెనక్కి తీసుకునేలోపే నాలుగు కుట్టాయి. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా బూరెలా ఉబ్బింది. అమ్మ సున్నం రాసింది. పక్క చేను ఆమె ఉల్లిగడ్డ కోసి రుద్దింది. ఇంకెవరో ఇనుప ముక్కతో రాయమన్నారట, అదీ అయింది. మర్నాటికి వాపు దిగింది. ఏ వైద్యంతో దిగిందన్న విషయంలో మాత్రం ఆ ముగ్గురికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు.

నేను హైదరాబాద్‌లో ఉన్నాను. ఫోన్‌లో విని, డబ్బా జోలికి పోకండి, శనివారం వస్తాను అన్నాను. మా చిన్నాయన కొడుక్కి అంత ఓపిక లేదు. వాడు ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. ఎక్కడో అడవిలో చెట్టుకు చిన్న ప్లాస్టిక్ డబ్బా కొట్టి, అందులో మాంసం ముద్దలాంటిది పెడతారు. కొద్ది రోజుల్లో ఆ అడవిలో కందిరీగ కనిపించదు. అందులో వాడిన మందు ఫిప్రోనిల్. "అన్నా, ఇది మనం వరికి కొట్టేదే గదా" అని నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. నేను వినేసరికే పని అయిపోయింది. మాంసం ఎందుకు దండగ అనుకున్నాడో ఏమో, బెల్లం పానకంలో మందు కలిపి, సగానికి కోసిన నీళ్ల సీసాల్లో పోసి, స్టార్టర్ చుట్టూ నాలుగు బత్తాయి చెట్లకు వేలాడదీశాడు.

శనివారం పోయి చూస్తే ఆ సీసాల కింద గుప్పెళ్లకొద్దీ జుంటీగలు చచ్చి పడి ఉన్నాయి. రెండు సీతాకోకచిలుకలు, లెక్కలేనన్ని చీమలు. తోట గట్టున తుమ్మ చెట్టుకు ఉండే చిన్న తేనెతుట్టె మీద ఎప్పుడూ కిక్కిరిసి ఉండే ఈగలు పలచబడి, మైనం బయటికి కనిపిస్తోంది. ఇక స్టార్టర్ డబ్బాలో గూడు? చెక్కు చెదరలేదు. కందిరీగలు వస్తున్నాయి, పోతున్నాయి. వాటికి ఆ పానకంతో పనే పడలేదు.

వాడిని తిట్టి సీసాలు తీయించి గుంత తవ్వి పూడ్పించాను. తిట్టినందుకు కొంచెం బాధపడ్డాను కూడా. ఎందుకంటే వాడు చూసిన వీడియో అబద్ధం కాదు. ఆ మందు నిజంగా పనిచేస్తుంది. కాకపోతే అది వేరే దేశం, వేరే ఈగ, వేరే లెక్క. ఆ రోజు నుంచి ఈ సంగతి మీద దొరికినంత చదివాను, ఊళ్లో తిరిగి చూశాను. నా వాదన ఇది: కందిరీగను చంపడం తెలిసినవాళ్లు ముందు అది ఏం తింటుందో, ఎక్కడి నుంచి వస్తుందో చూసినవాళ్లే. మనం ఆ చూడడం వదిలేసి, చంపడం ఒక్కటే నేర్చుకుంటున్నాం.

ముందు ఆ వీడియో దేశం సంగతి. న్యూజిలాండ్‌లో గూడు కట్టి గుంపుగా బతికే కందిరీగ అసలు ఉండేదే కాదు. 1945లో యూరప్ నుంచి వచ్చిన విమాన విడిభాగాల పెట్టెల్లో జర్మన్ కందిరీగ రాణులు దాక్కుని వచ్చాయంటారు. శాస్త్రవేత్తలు దాన్ని వెస్పులా జెర్మానికా అంటారు. 1970ల చివర్లో దాని చెల్లెలు వరసైన వెస్పులా వల్గారిస్ కూడా అక్కడ స్థిరపడింది. ఈ రెండోది మరీ మొండిది. దక్షిణ దీవి ఉత్తర భాగంలో బీచ్ అనే జాతి చెట్ల అడవులు పది లక్షల హెక్టార్ల దాకా ఉన్నాయి. ఆ చెట్ల బెరడులో ఉండే పొలుసు పురుగులు తీయటి చుక్కలు వదులుతాయి. అక్కడి పిట్టలు, బల్లులు, పురుగులు వేల ఏళ్లుగా ఆ చుక్కల మీద బతికాయి. కందిరీగలకు అది నిత్య దావత్ అయింది. ఉధృతంగా ఉండే నెలల్లో ఆ తేనెబంకలో తొంభై శాతానికి పైగా ఇవే నాకేస్తాయి. హెక్టారుకు సగటున 12 గూళ్లు లెక్కపెట్టారు. మన లెక్కలో ఎకరానికి ఐదు. ఆ అడవిలో కందిరీగల మొత్తం బరువు హెక్టారుకు 3.8 కిలోలు తూగింది. అక్కడి పక్షులు, ఎలుకలు, స్టోట్ అనే ముంగిసలాంటి జంతువులు అన్నీ కలిపినా అంత లేవు.

ఇంకో సంగతి ఉంది. యూరప్‌లో చలికాలం రాగానే గూడు చచ్చిపోతుంది, కొత్త రాణులు మాత్రం ఎక్కడో దాక్కుని బతుకుతాయి. న్యూజిలాండ్ చలి అంత కఠినం కాదు. అందుకే కొన్ని గూళ్లు చావకుండా రెండో ఏడాదిలోకి సాగుతాయి, మనిషి ఎత్తు దాకా పెరిగిపోతాయి. సొంత దేశంలో శిశిరం చేసే పని అక్కడ చేసేవాళ్లు లేరు. 2015లో వేసిన లెక్క ప్రకారం కందిరీగల వల్ల ఆ దేశానికి ఏటా 13 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నష్టం. కందిరీగ పిల్లలను తినే ఒక పరాన్నజీవి పురుగును 1980లలో తెచ్చి వదిలారు, పెద్దగా ఫలితం రాలేదు. చివరికి పనిచేసింది ఈ ఎర. 2015లో అక్కడి ప్రభుత్వ సంరక్షణ శాఖ ఐదు చోట్ల పెట్టి చూసింది. కందిరీగల తిరుగుడు 95 శాతానికి పైగా పడిపోయింది.

ఇప్పుడు మా తమ్ముడు చూడకుండా వదిలేసిన భాగానికి వద్దాం. ఆ ఎరలో తీపి ఉండదు. కావాలనే పెట్టరు. తీపి లేకపోతే తేనెటీగ దాని మొహం చూడదు. మందు 0.1 శాతమే కలుపుతారు. మన దుకాణంలో దొరికే ద్రావణం 5 శాతం, అంటే యాభై రెట్లు. ఎక్కువైతే ఎక్కువ చస్తాయనుకుంటాం గానీ, ఇక్కడ లెక్క తలకిందులు. మందు ఘాటైతే ముద్ద మోసుకెళ్లే కందిరీగ దారిలోనే పడిపోతుంది. గూటికి ఏమీ చేరదు. ఈగ ఇంటికి పోయి, పిల్లలకు పెట్టి, పక్క ఈగలకు పంచే దాకా బతకాలి. అదీ కాక, మందు పెట్టే ముందు మందు లేని ఎర పెట్టి చూస్తారు. డబ్బాకు సగటున ఒక్క కందిరీగ అయినా వాలకపోతే ఆ రోజు మందు బయటికి తీయరు. ఎందుకంటే అవి మాంసం కోసం తిరిగే కాలం వేరు, తీపి కోసం తిరిగే కాలం వేరు. ఈ నియమాల్లో మావాడు ఒక్కటీ పాటించలేదు. పైగా డబ్బాలో ఉన్నది వెస్పులా జాతే కాదు. అది మన ఊరి కాగితం గూటి కందిరీగ. అది వేటాడి తినే రకం, పెట్టిన ఎరలకు అంతగా రాదు.

మాంసం కాలం, తీపి కాలం అన్నాను గదా. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే, కొంచెం ఆగి చెబుతాను.

సన్నటి నడుమును కందిరీగ నడుము అంటాం. ఆ నడుమే దాని బతుకు తీరు మొత్తం నిర్ణయించింది. ఎదిగిన కందిరీగ ఘన ఆహారం మింగలేదు, నడుములోంచి దిగదు. దానికి ద్రవమే గతి. గొంగళి పురుగును పట్టి, నమిలి, ఉండ చేసి గూటికి తెచ్చేది తన కోసం కాదు, గదుల్లో తలకిందులుగా వేలాడే పిల్లల కోసం. పిల్ల ఆ మాంసం తిని, బదులుగా నోటి నుంచి ఒక తీయటి చుక్క ఇస్తుంది. అందులో చక్కెర ఉంటుంది, ప్రొటీన్ ముక్కలు ఉంటాయి. పెద్దలు దాన్ని తాగి మళ్లీ వేటకు పోతాయి. పిల్లలున్నంత కాలం ఈ ఇచ్చిపుచ్చుకోవడం నడుస్తుంది. సీజన్ చివర్లో గూట్లో పిల్లలు తగ్గగానే పెద్దలకు ఇంట్లో దొరికే తీపి ఆగిపోతుంది. అప్పుడవి బత్తాయి పండు మీదికీ, బెల్లం దిమ్మ మీదికీ, మిఠాయి దుకాణం మీదికీ వస్తాయి. దుకాణంలో కందిరీగలు ఎక్కువయ్యాయంటే ఎక్కడో గూట్లో పిల్లలు తక్కువయ్యాయని ఒక అర్థం.

మన వేదాంతులు భ్రమర కీటక న్యాయం అని ఒకటి చెప్పారు. పురుగును తెచ్చి మట్టి గూట్లో పెట్టి ఈగ కుడుతూ ఉంటే, ఆ భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని పురుగు కూడా ఈగగా మారిపోతుందట. మా నాయనమ్మ దీన్ని భజనలో విని మాకు చెప్పేది. అసలు జరిగేది ఇంకోటి. ఈగ పురుగును కుట్టి కదలకుండా చేసి, గూట్లో తన గుడ్డుతో పాటు మూసేస్తుంది. లోపల పిల్ల ఆ పురుగును తిని పెరిగి, గోడ కొరుక్కుని బయటికి వస్తుంది. పెద్దవాళ్లు చూసింది తప్పు కాదు: పురుగు లోపలికి పోయింది, ఈగ బయటికి వచ్చింది. మధ్యలో ఏమైందన్నదే వాళ్లు ఊహించుకున్నారు. అది ఒంటరిగా బతికే మట్టిగూటి ఈగ కథ. గుంపుగా బతికేవి పురుగును అట్లా నిల్వ పెట్టవు, ఏ పూటకాపూట తెచ్చి పెడతాయి.

తిండి దొరికిన చోటును ఇవి గుర్తు పెట్టుకునే తీరు కూడా విచిత్రం. మొదటిసారి వచ్చి పోయేటప్పుడు వెంటనే ఎగిరిపోదు. మొహం ఇటే తిప్పి, అటూ ఇటూ ఊగుతూ, చుట్టూ ఏమున్నాయో చూసుకుని మరీ పోతుంది. నికో టిన్‌బెర్గెన్ అనే డచ్ శాస్త్రవేత్త, తర్వాత 1973లో నోబెల్ అందుకున్నాయన, తేనెటీగలను వేటాడే ఒక కందిరీగ బొరియ చుట్టూ పైన్ కాయలు గుండ్రంగా పేర్చాడు. అది వేటకు పోగానే కాయలను కొంచెం పక్కకు జరిపాడు. తిరిగొచ్చిన ఈగ బొరియను వదిలి కాయల మధ్యకు పోయి వెతుక్కుంది. అర్జెంటీనాలోని పటగోనియాలో జర్మన్ కందిరీగ మీద పనిచేసినవాళ్లు కూడా, తిండి తీసేసిన తర్వాత అది పాత చోటుకే వచ్చి తిరుగుతుందని చూశారు. ఇంకో కందిరీగ తింటూ కనిపిస్తే అక్కడే వాలుతుందనీ గమనించారు. తేనెటీగలాగా నాట్యం చేసి దారి చెప్పే విద్య వీటికి లేదు. పక్కదాన్ని చూసి దిగడమే, హోటల్ ముందు జనం ఉంటే మనమూ ఆగినట్టు.

ఇది చదివిన తర్వాత మా మేనమామ కూతురి పెళ్లిలో పరీక్షించే అవకాశం దొరికింది. దేవరకొండ దగ్గర ఫంక్షన్ హాలు. వెనక వంటవాళ్లు జిలేబి చుడుతుంటే పాకం గిన్నె మీద కందిరీగలు. వంట మేస్త్రి తువ్వాలతో కొడుతున్నాడు. ఆ గిన్నెను మూత పెట్టి నాలుగు బారల అవతలికి మార్చండి, పాత చోట కొంచెం పాకం పళ్లెంలో పోసి వదలండి అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూశాడు గానీ మార్చాడు. ఒక గంట దాకా అవి పాత చోటే పళ్లెం మీదనే తిరిగాయి. కొత్త చోటికి వచ్చినవి ఒకటీ అరా. ఒక్కటీ చావలేదు, ఎవర్నీ కుట్టలేదు. ఆ గంట చాలు, పంక్తి లేచిపోయింది.

ఈ విద్య మన దగ్గర ఎప్పటి నుంచో తెలిసినవాళ్లు గీత కార్మికులు. తాటిచెట్టు మీద, మోకు మీద బరువంతా వేసి నిలబడ్డ మనిషికి పారిపోయే దారి లేదు. లొట్టి మూతి దగ్గర కందిరీగలు లేని రోజు ఉండదు. మా ఊళ్లో ఒక గౌడ మామను అడిగితే ఇట్లా చెప్పాడు: "దాని పని దానిది, నా పని నాది. చెయ్యి ఊపితె చచ్చినం. ముందు లొట్టిని మెల్లగ కదిలిస్తా. లేచిపోయేటియి లేచిపోతయి. లోపట పడ్డయి వడగడితె వస్తయి. ఒక్కదాన్ని నలిపినవంటె ఆ వాసనకు మిగతయి మీదికొస్తయి." ఆ చివరి మాట అక్షరాలా నిజం. నలిగిన కందిరీగ విషంలోని వాసన మిగతావాటికి పోరు పిలుపు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని, జారితే ఆ తాళ్లు పట్టి ఆపుతాయి. కానీ కుట్టకుండా ఆపేది మాత్రం ఇప్పటికీ ఆ మామ ఓపికే.

కల్లు మాట వచ్చింది కాబట్టి ఒక పక్క కథ. ఎర్రటి ఒళ్లు, పొట్ట మీద వెడల్పు పసుపు పట్టీ ఉండే పెద్ద కందిరీగ, వెస్పా ఓరియెంటాలిస్, మన్నులో, గోడ సందుల్లో గూడు పెడుతుంది. మధ్యధరా సముద్రం నుంచి మన దేశం దాకా ఎండ నేలలన్నీ దాని ఊళ్లే. 2024లో టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్లు దానికి ఆల్కహాల్ తాగించి చూశారు. 80 శాతం కలిపిన తీపి నీళ్లు ఇచ్చినా తూలలేదు, త్వరగా చావలేదు, గూడు కట్టే పని మానలేదు. ఆల్కహాల్‌ను అరిగించే జన్యువు దానిలో ఒకటికి మించి ఉంది. మన కల్లు నాలుగైదు శాతం. అది దానికి మంచినీళ్లు. కల్లు తాగిన కోతిని తేలు కుట్టిన సామెత మనకుంది గానీ, తాగేదీ కుట్టేదీ ఒకటే అయి, అదీ మత్తెక్కకుండా ఉంటే ఏమనాలో పెద్దలు చెప్పలేదు. ఇటలీ శాస్త్రవేత్తలు 2012లో ఇంకోటి చూపించారు. ద్రాక్షను పులియబెట్టే ఈస్టు చలికాలమంతా కందిరీగ రాణుల పొట్టల్లో బతికి, వసంతంలో పిల్లలకు చేరి మళ్లీ తోటల్లోకి వస్తుందట. మన లొట్టిలో ఏ ఈగ ఏ ఈస్టు తెస్తుందో ఎవరైనా చూస్తే బాగుండు.

ఇక గూడు వెతకడం. ఫ్రాన్స్‌లోకి 2004లో చైనా నుంచి ఒక ఆసియా కందిరీగ, వెస్పా వెల్యూటినా, దిగింది. కుండల సరుకుతో వచ్చి ఉంటుందంటారు. తేనెపెట్టెల ముందు గాల్లో నిలబడి, తిరిగొచ్చే తేనెటీగలను ఒక్కొక్కటే పట్టుకుపోతుంది. అక్కడి తేనెటీగకు ఎదుర్కోవడం సరిగ్గా రాదు. మన దేశీ తేనెటీగకు వచ్చు: వందల ఈగలు ముద్దలా కమ్ముకుని ఒళ్లు వేడెక్కించి, 46 డిగ్రీల దగ్గర కందిరీగను ఉడకబెడతాయి, తాము బతికి బయటపడతాయి. అట్లాంటి ఈగలు లేని జెర్సీలో, ఫ్రాన్స్ తీరం పక్కనుండే చిన్న దీవిలో, మనుషులే దిగారు. గిన్నెలో తీపి ఎర పెడతారు, వచ్చిన కందిరీగకు రంగు చుక్క పెడతారు, పోయి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూస్తారు. నిమిషానికి సుమారు వంద మీటర్ల దూరంలో గూడు అని వాళ్ల లెక్క. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2019లో కనబడ్డ ఇంకో జాతి పెద్ద కందిరీగకైతే ఏకంగా చిన్న రేడియో ట్యాగు దారంతో కట్టి వదిలారు. 2020 అక్టోబరులో అదే వాళ్లను గూటికి తీసుకుపోయింది. తర్వాతి ఏడాది ఇంకో మూడు గూళ్లు దొరికాయి. 2024 డిసెంబరులో ఆ జాతి అక్కడ లేదని ప్రకటించారు. ఊరంతా మందు కొట్టి కాదు, ఈగ వెంట నడిచి.

నేనూ ఒక ఆదివారం చేసి చూశాను. మా ఊరి మటన్ కొట్టు దగ్గర ఎర్ర కందిరీగ ఒకటి ముక్క కోసుకుంటోంది. తినే ధ్యాసలో ఉన్నప్పుడు అది మనల్ని పట్టించుకోదు. మా అక్క గోళ్ల రంగు తెచ్చి వీపు మీద చుక్క పెట్టాను. కొట్టు ఆయన, "ఇంకా ఈ ఈగకు పెండ్లి జేస్తవా ఏంది" అని నవ్వాడు. పోయి మళ్లీ రావడానికి నాలుగు నిమిషాల పైన. మూడుసార్లూ ఇంచుమించు అంతే. జెర్సీ లెక్క మన ఈగకు అచ్చంగా సరిపోవాలని లేదు గానీ, అది పోయిన దిక్కున నాలుగైదు వందల మీటర్లు నడిస్తే పాడుబడ్డ మోట బావి వచ్చింది. రాతికట్టు సందులోకి వరసగా పోతున్నాయి. బావి పక్కనే బడికి పోయే బాట. పిల్లలు ఆ బావిలో రాళ్లు వేస్తారు. పంచాయతీలో చెప్పాను. పని తెలిసిన ఇద్దరు, ఒంటి నిండా మందపాటి బట్టలు వేసుకుని, చీకటి పడి ఈగలన్నీ లోపలికి చేరాక ఆ సందులో మందు కొట్టి మూసేశారు. ఆ గూడు పోవాల్సిందే. నాకు దాని మీద రెండో ఆలోచన లేదు.

ఎందుకు చెబుతున్నానంటే, కందిరీగను ముట్టుకోవద్దు, అది ప్రకృతి తల్లి బిడ్డ అనే పాట నేను పాడడం లేదు. బడి దగ్గర, బస్టాండులో, చెట్టెక్కే మనిషి తలపైన గూడు ఉంటే తీయాలి. నా గొడవ కాగడాతో. మా వైపు గూడు కనబడితే కర్రకు గోనె చుట్టి కిరోసినో డీజిలో పోసి అంటించడమే పద్ధతి. నా చిన్నప్పుడు ఒక వేసవిలో ఈత చెట్టు మీద గూడు కాల్చబోతే ఎండాకు అంటుకుని, గాలికి కంచె మీదికి పాకి, పక్కాయన వరిగడ్డి వామి బూడిదైంది. కాలిన గూటి నుంచి లేచిన ఈగలు కాల్చినవాళ్లను చెరువు దాకా తరిమాయి. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టు అని మా నాయనమ్మ అప్పుడు అన్నది, నాకు ఆ సామెత అర్థమైంది ఆ రోజే.

ఇంకా ముఖ్యమైన గొడవ ఒకటుంది. కందిరీగ కుట్టి మనిషి పోయాడంటే మనం గూటిని తిడతాం. చాలాసార్లు చంపేది ఆలస్యం. తేనెటీగ ముల్లు వదిలేసి చస్తుంది. కందిరీగ ముల్లు వదలదు, ఒక్కటే ఎన్నిసార్లయినా కుడుతుంది. కొందరి ఒంటికి ఒక్క కాటుకే ఎలర్జీ ముదిరి, గొంతు వాచి, ఊపిరి అందక, బీపీ పడిపోతుంది. దానికి మొదటి మందు అడ్రినలిన్. పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము, తొడ కండలోకి, వెంటనే. ఊళ్లలో జరిగేది ఏమిటంటే, ఆర్‌ఎంపీ దగ్గర ఏవిల్, డెక్సా ఇంజెక్షన్లు వేయించుకుని ఇంటికొచ్చి పడుకోవడం. అవి దద్దురు, దురద తగ్గిస్తాయి. మూసుకుపోతున్న గొంతును సమయానికి తెరవలేవు. ఇంకోవైపు, పెద్ద కందిరీగలు పదుల సంఖ్యలో కుడితే ఎలర్జీ లేని మనిషికి కూడా ఒకటి రెండు రోజుల తర్వాత కిడ్నీలు దెబ్బతినవచ్చు. మూత్రం తగ్గినా, కల్లుముంతలో టీ డికాక్షన్ పోసినట్టు రంగు మారినా ఆసుపత్రికి పోవాలి. దగ్గరి పీహెచ్‌సీలో అడ్రినలిన్ ఉందా, అది వేయడానికి భయపడని చెయ్యి ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. కాగడా పట్టుకునేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు.

మా తమ్ముడు ఇవన్నీ విని చివరికి అడిగాడు: "సరే అన్నా, ఆ ఈగతోని మనకేం లాభం?" లాభం ఉంటేనే బతకనివ్వాలా అని అడగబోయి ఆగాను. రైతుకు రైతు భాషలోనే చెప్పాలి. బత్తాయి లేత చిగుళ్లు తినే నిమ్మ సీతాకోకచిలుక గొంగళి ఉంది, పిట్ట రెట్టలా కనబడి మోసం చేస్తుంది, కొంచెం పెరిగితే ఆకు రంగులోకి మారుతుంది. మనకు కనబడకపోయినా కాగితం గూటి ఈగ దాన్ని పట్టేస్తుంది. నేను ఒక పొద్దుటిపూట స్టార్టర్ దగ్గర కూర్చుని చూశాను, గంటలోపు నాలుగు ఆకుపచ్చ ఉండలు లోపలికి పోయాయి. పొలాల్లో లద్దె పురుగులనూ ఇవి పడతాయి. అట్లాగని పత్తిలో గులాబీ పురుగు సంగతి వీటికి వదిలేయలేం, అది కాయ లోపల కూర్చుంటుంది, ఈగకు అందదు. పండిన పండుకు రెక్కల పురుగు పొడిచిన రంధ్రం ఉంటే కందిరీగ అక్కడ చేరి దాన్ని పెద్దది చేస్తుంది కూడా. లెక్కలో రెండు వైపులా రాసుకోవాలి.

కాగితం గూటి ఈగల బతుకు గురించి మన దక్షిణాదిలోనే గొప్ప పని జరిగింది. బెంగళూరు ఐఐఎస్‌సీలో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు రోపాలిడియా మార్జినాటా అనే ఈగ మీద పనిచేశారు. గూట్లో ఎవరు ఏ పని చేయాలన్నది చాలావరకు వయసును బట్టి నడుస్తుందని ఆ పరిశోధనల్లో తేలింది. చిన్నవి పిల్లలకు తినిపిస్తాయి, గూడు కడతాయి. బయటికి పోయి తిండి తెచ్చే ప్రమాదకరమైన పని ముసలివాటిది. రాణి చచ్చిపోతే పనివాళ్లలో ఒకటి ఒక్కసారిగా దూకుడుగా మారి, కొద్ది రోజుల్లో రాణి అయి కూర్చుంటుంది. వీటికి సహజ శత్రువు కూడా ఇక్కడే ఉంది: నల్లటి ఒళ్లు మీద ఒకే వెడల్పు పట్టీ ఉన్న వెస్పా ట్రోపికా. అది కాగితం గూటి మీద పడితే ఈగలు గూడు వదిలి పక్కన కూర్చుని చూస్తాయి, అది లోపలి పిల్లలను ఏరుకుని పోతుంది. న్యూజిలాండ్ అడవిలో లేనిది ఇదే. అక్కడ వెస్పులాకు పైన ఎవరూ లేరు. ఇక్కడ ప్రతి కందిరీగకూ ఒక మేనమామ ఉన్నాడు.

మన ఎర్ర కందిరీగ ఇటీవలి ఏళ్లలో స్పెయిన్‌లో స్థిరపడింది. అక్కడివాళ్లు దాన్ని దురాక్రమణదారు అంటున్నారు, వాళ్ల దగ్గర అది నిజం. నాగార్జునసాగర్ కాలవ గట్టు మీద అదే ఈగకు ఆ పేరు పెడితే అర్థం లేదు. ఒకే ప్రాణి ఒక చోట ఊరివాసి, ఇంకో చోట దొంగ. వీడియో తీసినవాడు ఏ చోట నిలబడి తీశాడో మన ఫోన్‌లో రాదు.

స్టార్టర్ డబ్బా సంగతి చెప్పి ఆపుతాను. ఒక రాత్రి ఆ చిన్న గూటిని మూతతో సహా మెల్లగా విప్పి, నలభై అడుగుల అవతల పాత కొట్టం దూలానికి కట్టాం. నేను ఒకసారి కుట్టించుకున్నాను. డబ్బాకు కొత్త మూత పెట్టి, వైర్లు పోయే రంధ్రాలను ఎం-సీల్‌తో మూశాం. కొన్ని ఈగలు వారం పాటు పాత చోటే తిరిగాయి, టిన్‌బెర్గెన్ ఈగలాగా. నాయన ఇప్పుడు కూడా మూత తీసే ముందు కర్రతో రెండుసార్లు కొడతాడు, రెండడుగులు వెనక్కి వేసి ఆగుతాడు. పోయిన నెల నేను పక్కనే ఉన్నాను. కొట్టాడు, ఆగాడు, లోపల ఏమీ లేదు. కొట్టం వైపు నుంచి ఒకటి వచ్చి డబ్బా మీద వాలి, చుట్టూ నడిచి, లేచింది. నాయన చేయి అడ్డం పెట్టుకుని ఎండలోకి చూస్తూ, "మూడో సాలు చెట్ల దిక్కు పోయింది, ఆ చిగుళ్లల్ల పురుగున్నట్టుంది, చూసిరా పో" అన్నాడు.